రెండు చుక్కలు, ఒక గీత, ఒక బ్రాకెట్

ఈ గుర్తు చూడండి.

:-)

తలను ఎడమ భుజం వైపు వంచి మళ్ళీ చూడండి. రెండు కళ్ళు, ముక్కు, నవ్వే నోరు కనబడతాయి! బ్రాకెట్‌ను తిప్పి :-( అని పెడితే బాధపడే ముఖం.

నేను దీన్ని ఒక తప్పు చేసి నేర్చుకున్నాను. మాది గంగారం మండలం. మా ఊర్ల సిగ్నల్ సరిగ్గా ఉండదు. మాట మధ్యలోనే తెగిపోతది, మెసేజ్ మాత్రం పోతది. మా అన్న హైదరాబాద్‌ల పని చేస్తడు. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు ముందు నేను బటన్ల ఫోన్‌ల ఇట్లా పంపిన: "నువ్వు రాకు. నీ వాటా కోడికూర నేనే తింట." నేను నవ్వుకుంటనే రాసిన. అన్న మాత్రం నిజమనుకున్నడు. మూడు రోజులు ఫోన్ చెయ్యలేదు. తర్వాత సంగతి తెలిసి, "ఆఖర్న ఈ గుర్తు పెట్టాలె" అని ఆయనే నేర్పిండు.

ఇట్లాంటి తిప్పలు పెద్ద చదువులోళ్ళకు కూడా వచ్చాయి. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో అందరూ రాసుకునే కంప్యూటర్ నోటీసు బోర్డు ఉండేది, మన గోడపత్రిక లాగానే. 1982లో ఒకరు లిఫ్టులో పాదరసం ఒలికిందని హాస్యానికి రాశారు. కొందరు నిజమని నమ్మారు. అప్పుడు స్కాట్ ఫాల్మన్ అనే ఆయన, హాస్యానికి :-) పెడదామని సెప్టెంబర్ 19న రాశారు. అక్కడి నుంచి ఇది లోకమంతా పాకింది.

ఎందుకు అవసరం? మనం మాట్లాడేటప్పుడు గొంతు, ముఖం కూడా మాట్లాడతాయి. అక్షరాలకు ముఖం లేదు. పైగా ఇంగ్లీషు అక్షరాలతో రాస్తే ఒక మెసేజ్‌కు 160 అక్షరాలే, తెలుగు లిపిలో అయితే 70. "ఇది హాస్యానికి అన్న" అని రాసే బదులు మూడు గుర్తులు చాలు.

మా అమ్మకు అక్షరాలు రావు. కాని ఇప్పుడు తల వంచి చూసి, "అన్న నవ్విండు" అంటది. మా అమ్మ చదివిన మొదటి రాత అదే!

అయితే ఒక మాట. మొన్న అన్న మెసేజ్‌ల నవ్వు గుర్తే ఉంది. అమ్మ చూసి, "నవ్వు మంచిగనే ఉంది బిడ్డా, గొంతు ఇనాలె" అన్నది. చెరువు కట్ట ఎక్కి ఫోన్ చేసినం. అన్న దగ్గుతున్నడు. రెండు రోజుల నుంచి జ్వరమట.

కాబట్టి మిత్రులారా, హాస్యం రాస్తే గుర్తు పెట్టండి. ఇంట్లోవాళ్ళు ఎట్లున్నరో తెలవాలంటే మాత్రం గొంతు వినండి.

– 9వ తరగతి విద్యార్థిని