భాగస్వామి సంతకం మీరు పెట్టొచ్చా?

'ఆయన క్యాంపుకెళ్లారు. ఫారం ఈరోజే ఇవ్వాలి. సంతకమేగా... నేను పెట్టేస్తాలే!' చాలా ఇళ్లలో వినిపించే మాటే ఇది. మనవాళ్లే కదా అని భర్త సంతకం భార్య, భార్య సంతకం భర్త, నాన్న సంతకం కొడుకు గీకేస్తుంటారు. రేపు బ్యాంకులోనో, అకౌంట్స్ విభాగంలోనో కొలువు చేయబోయే మీరు మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. పెళ్లయినంత మాత్రాన ఒకరి సంతకంపై మరొకరికి హక్కు రాదు.

చట్టం ఏమంటోంది?

2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్‌) అమల్లోకి వచ్చింది. అనుమతి లేదని తెలిసీ, మోసం చేసే ఉద్దేశంతో మరొకరి పేరిట సంతకం చేసి పత్రం సృష్టిస్తే ఫోర్జరీ కిందికొస్తుంది. శిక్షలు ఇలా ఉంటాయి.

* మామూలు ఫోర్జరీ: 2 ఏళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ (సెక్షన్ 336).
* మోసగించడానికి వాడాలని చేస్తే: 7 ఏళ్ల వరకు జైలు, జరిమానా.
* చెక్కు, ప్రామిసరీ నోటు, ఆస్తి దస్తావేజు, వీలునామా లాంటివైతే: 10 ఏళ్ల వరకు జైలు లేదా యావజ్జీవం, జరిమానా (సెక్షన్ 338).
* దొంగ పత్రమని తెలిసీ వాడినవాళ్లకూ అదే శిక్ష (సెక్షన్ 340).

కాగితమే కాదు. భాగస్వామి పాస్‌వర్డ్‌ను, డిజిటల్ సంతకాన్ని మోసపూరితంగా వాడితే ఐటీ చట్టం 66సి ప్రకారం 3 ఏళ్ల వరకు జైలు, రూ.లక్ష వరకు జరిమానా.

'ఆయన సరే అన్నారు' అంటే?

ఇక్కడ ఉద్దేశమే కీలకం. భర్తను అడిగి, ఎవరికీ నష్టం లేని కాగితంపై సంతకం పెట్టినంత మాత్రాన నేరం కాదు. కానీ ఫోన్‌లో చెప్పిన 'సరే'కి రుజువేది? కాపురం సవ్యంగా ఉన్నన్నాళ్లూ ఎవరూ అడగరు. విడాకుల దాకా వెళ్లినప్పుడో, అప్పు కట్టమని నోటీసు వచ్చినప్పుడో 'ఆ సంతకం నాది కాదు' అనే మాట బయటికొస్తుంది. అప్పుడు ఆ కాగితం చేతిరాత నిపుణుల దగ్గరికి వెళ్లొచ్చు.

బ్యాంకులు సంతకం విషయంలో పట్టుబట్టడానికీ కారణముంది. ఒక కంపెనీ అకౌంటెంట్ ఎండీ సంతకాన్ని ఫోర్జరీ చేసి 42 చెక్కులు మార్చుకున్న కేసులో, ఆ నష్టాన్ని కెనరా బ్యాంకే భరించాలని 1987లో సుప్రీంకోర్టు తేల్చింది. ఫోర్జరీ సంతకమున్న చెక్కు ఖాతాదారు ఆదేశమే కాదన్నది కోర్టు మాట.

కొలువుకీ ముప్పే

ప్రభుత్వ ఉద్యోగం వచ్చాక నింపే అటెస్టేషన్ ఫారంలో క్రిమినల్ కేసుల వివరాలు అడుగుతారు. ఉన్నది దాస్తే నియామకమే రద్దు కావచ్చు. చెప్పినా ఫోర్జరీ లాంటి కేసుపై అధికారులు గట్టిగానే ఆలోచిస్తారు.

సరైన దారి ఇదీ

* బ్యాంకు పనులకు: 'ఐదర్ ఆర్ సర్వైవర్' జాయింట్ ఖాతా తెరవండి. లేదా ఖాతాదారుతో మ్యాండేట్ లెటర్ ఇప్పించండి.
* ఆస్తి పనులకు: పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకోండి. దాంతో రిజిస్ట్రేషన్ చేయించాలంటే సబ్ రిజిస్ట్రార్ ధ్రువీకరణ కావాలి. భాగస్వామి అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉంటే అక్కడి నోటరీ లేదా భారత కాన్సులేట్ అధికారి ముందు సంతకం చేసి పంపాలి. ఇక్కడికి చేరిన 3 నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టాలి.
* అధికారం చేతికొచ్చాక కూడా వాళ్ల సంతకాన్ని అనుకరించొద్దు. 'ఫలానా వారి తరఫున' అని రాసి మీ సంతకమే పెట్టండి.
* ఇచ్చినవాళ్లు చనిపోతే సాధారణంగా పవర్ ఆఫ్ అటార్నీ చెల్లదు.

గడువు ముంచుకొస్తోందా? ఒకరోజు గడువు అడగండి. అప్లికేషన్ ఆలస్యమైతే మళ్లీ పెట్టుకోవచ్చు, కేసు నమోదైతే ఏళ్ల తరబడి తిరగాలి.