ఏడ్చిన అమ్మాయి, ఏడవని అబ్బాయి

మన దేశంలో మొట్టమొదట కరోనా సోకినది ఎవరికో మీలో ఎందరికి జ్ఞాపకమున్నదో తెలియదు. 2020 జనవరి 30న కేరళలోని త్రిశ్శూరులో ఆ కేసు బయటపడింది. చైనాలోని వూహాన్ నగరంలో మెడిసిన్ చదువుతూ సెలవులకు ఇంటికి వచ్చిన అమ్మాయి ఆమె. రోగులకు వైద్యం చేయవలసిన పిల్లే దేశానికి మొదటి రోగి అయింది.

ఆ తరువాత రెండేళ్ళపాటు మన పిల్లల జ్వరం గురించి, ఆక్సిజన్ శాతం గురించి రోజుకు పదిసార్లు అడిగాము. మనసు గురించి అడిగింది తక్కువ. అందులోనూ మెడిసిన్ చదివే ఆడపిల్ల మనసు, మగపిల్లవాడి మనసు ఒకే విధంగా నలిగాయా, వేరు వేరుగా నలిగాయా అన్న ప్రశ్న నాకూ తట్టలేదు. మా ఇంట్లో అప్పుడు ఇద్దరు మెడికోలు ఉండబట్టి ఆలస్యంగానైనా తెలిసివచ్చింది. పిల్లలిద్దరినీ అడిగే ఇది రాస్తున్నాను. ఊరి పేరు, కాలేజీల పేర్లు మాత్రం వద్దన్నారు.

2020 మార్చి 25 నుండి లాక్‌డౌన్. కాలేజీలు, హాస్టళ్ళు మూసివేశారు. మా అమ్మాయి రెండవ సంవత్సరం పుస్తకాల సంచితో ఇల్లు చేరింది. మా అక్క ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. కోవిడ్ వార్డులో డ్యూటీ పడింది గనుక, ఫైనలియర్ చదువుతున్న కొడుకును మా దగ్గరకు పంపించింది. బావగారు కాలం చేసి చాలా ఏళ్ళయింది. అక్కకు వాడు తప్ప ఎవరూ లేరు.

ఒకే కప్పు క్రింద ఉన్నారన్న మాటే గాని, ఇద్దరికీ దొరికిన లాక్‌డౌన్ ఒకటి కాదు. "ఫైనలియర్ వాడు, చదువుకోనివ్వండి" అని మేడమీద గది వాడికిచ్చాము. అమ్మాయికి భోజనాల బల్ల. సెల్‌ఫోన్‌లో ఫార్మకాలజీ పాఠం జరుగుతుండగానే "కాస్త పాలు పొంగుతాయేమో చూడు" అని పిలిచింది మరెవరో కాదు, నేనే. పనిమనిషి రావడం లేదు. అంట్లు, బట్టలు, మంచం మీదున్న మా అత్తగారి పనులు, వీటిలో సగం ఆ పిల్ల మీద పడ్డాయి. మేడమీదివాణ్ణి పిలవాలని నాకు తోచనే లేదు. ఇవి చాలవన్నట్లు బంధువుల ఫోన్లు. "కాలేజీ ఎప్పుడు తెరుస్తారో ఏమో, ఈలోగా సంబంధాలు చూడకూడదా?" అని.

అమ్మాయి రాత్రిళ్ళు ఏడ్చేది. "రోగిని ముట్టుకోకుండా ఫోన్‌లో పాఠాలు విని డాక్టర్నెలా అవుతానమ్మా?" అనేది. నిద్ర పట్టడం లేదనేది. మా వారూ నేనూ అన్నమాట ఒకటే. "ఆడపిల్లలు ఇంతే, ప్రతిదానికీ కన్నీళ్ళే. పైన అన్నయ్యను చూడు, ఎంత నిబ్బరంగా ఉన్నాడో!"

ఆ రోజుల్లో మెడికోలకు గూగుల్ ఫారాలు తెగ వచ్చేవి. ఎవరో పి.జి. విద్యార్థి తన థీసిస్ కోసం పంపిన ఒక ఫారాన్ని వీళ్ళిద్దరూ ఒకే సాయంకాలం నింపారు. అందులో పి.హెచ్.క్యు.-9 అనే ప్రశ్నావళి ఉన్నది. గడచిన రెండు వారాలలో దిగులు, నిద్ర, అలసట, ఆకలి, ఏకాగ్రత, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నేను పనికిరానన్న తలంపు, బ్రతకడమెందుకన్న ఆలోచన ఎలా ఉన్నాయని 9 ప్రశ్నలు. ఒక్కొక్కదానికి సున్న నుండి 3 మార్కులు, మొత్తం 27. పది గాని, అంతకు మించి గాని వస్తే డాక్టరు విచారించవలసిన దిగులని లెక్క. మా అమ్మాయికి 14 వచ్చింది. అక్క కొడుకుకు సున్న. ఆ సున్నను చూసి మేము దేవునికి స్తోత్రాలు చెల్లించుకున్నాము కూడా.

మా ఇంట్లో వచ్చిన ఫలితమే లోకంలోనూ వచ్చింది. 2021లో 'లాన్సెట్' అనే వైద్యపత్రిక 204 దేశాల లెక్కలు ప్రకటించింది. మహమ్మారి మూలంగా 2020లో అదనంగా 5 కోట్ల 32 లక్షల మంది డిప్రెషన్ జబ్బుకు లోనయ్యారని అందులోని అంచనా. వారిలో 3 కోట్ల 55 లక్షల మంది స్త్రీలు, పురుషులు అందులో సగం. ఆందోళన జబ్బు అదనంగా వచ్చినవారు 7 కోట్ల 62 లక్షలు, అక్కడా స్త్రీలే రెండింతలు. పెద్దవారి కంటె చిన్న వయసువారికే దెబ్బ ఎక్కువ తగిలింది. మెడికోల మీద జరిగిన సర్వేలలోనూ చాలావాటిలో అమ్మాయిల మార్కులే ఎక్కువ. అన్నింటిలోనూ కాదు, కొన్నింటిలో తేడా కనిపించలేదు.

ఇంకొక సంగతి నన్ను ఆశ్చర్యపరచింది. మహమ్మారి మొదటి నెలల్లో జరిగిన అధ్యయనాలను 2020లో ఒకచోట చేర్చి చూస్తే, మెడికోలలో నూటికి 28 మందికి ఆందోళన లక్షణాలున్నాయి. ఇది అంతకు ముందున్న దానికంటె పెద్దగా ఎక్కువేమీ కాదు. కరోనా ఊసే లేని 2016లో అమెరికా వైద్యసంఘం పత్రికలో 43 దేశాల అధ్యయనాలను కూడి చూసినప్పుడే నూటికి 27 మంది మెడికోలలో డిప్రెషన్ గాని, దాని లక్షణాలు గాని ఉన్నట్లు తేలింది. కరోనా కొత్తగా నిప్పు పెట్టలేదన్నమాట. ఉన్న నిప్పు మీది నివురు ఊదింది.

అమ్మాయిల మార్కులు ఎందుకు ఎక్కువ? "వాళ్ళు సున్నితులు" అని చేతులు దులుపుకోవడం తేలిక. నేనూ అదే చేశాను. మా భోజనాల బల్ల మీద జరిగినది చూస్తే ఆ మాట అబద్ధమని తెలుస్తుంది. చదువు, ఇంటిచాకిరి, పెళ్ళి మాటలు మూడూ కలిసి ఒక్క పిల్ల మీద పడితే రాయి కూడా అరుగుతుంది. తరువాత వార్డులకు వెళ్ళినప్పుడు పి.పి.ఇ. కిట్టు సంగతి చెప్పింది. ఒకసారి తొడిగితే ఆరేసి గంటలు విప్పడానికి లేదు, మంచినీళ్ళు లేవు, బాత్రూముకు పోవడం లేదు. నెలసరి రోజుల్లో అది ఎలా ఉంటుందో తల్లులకు వేరే చెప్పనక్కరలేదు.

వేలూరులో ఐడా స్కడర్ దొరసానిగారు ఆడపిల్లల కోసం మెడికల్ స్కూలు తెరచినది 1918 ఆగస్టులో. అదే సంవత్సరం ఇన్‌ఫ్లూయెంజా మహమ్మారి మన దేశంలో కోటిమందికి పైగా ప్రాణాలు తీసింది. (మగపిల్లలను ఆ కాలేజీలో చేర్చుకున్నది 1947లో!) ఆ మొదటి తరగతి అమ్మాయిల మనసు కొలిచే ప్రశ్నావళులు ఆనాడు లేవు. ఉండి ఉంటే ఎన్ని మార్కులు వచ్చేవో అనుకుంటుంటాను.

ఇక సున్న వచ్చిన అబ్బాయిల సంగతి.

ప్రశ్నావళి మనసును కొలవదు, మనిషి ఒప్పుకున్నదాన్ని కొలుస్తుంది. 2021లో మన దేశంలో ఆత్మహత్య చేసుకున్నవారు 1,64,033 మంది అని జాతీయ నేర గణాంక సంస్థ లెక్క. వారిలో నూటికి 72 మంది మగవారు. విద్యార్థులు 13 వేలకు పైగా, వారిలోనూ అబ్బాయిలే ఎక్కువ. దిగులుగా ఉన్నదని చెప్పేవారిలో స్త్రీలు ఎక్కువ, ప్రాణం పోగొట్టుకునేవారిలో పురుషులు ఎక్కువ. ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టుకుంటే ఆ సున్న నాకు భయం పుట్టిస్తుంది. మగపిల్లవాడి దిగులు చాలాసార్లు కోపంగానో, సిగరెట్టుగానో, మందుసీసాగానో, గది తలుపు వేసుకోవడంగానో బయటపడుతుంది. వీటికి ఆ 9 ప్రశ్నలలో చోటు లేదు.

మరి వైద్యం నేర్చుకునే పిల్లలకు వైద్యుని దగ్గరకు వెళ్ళాలని తెలియదా? తెలుసు. నేను పైన చెప్పిన 2016 అధ్యయనంలోనే, డిప్రెషన్ ఉన్నట్లు తేలిన మెడికోలలో చికిత్సకు వెళ్ళినవారు నూటికి 16 మందికి మించలేదు. రేపు పరీక్షలో ప్రశ్నలడిగే ప్రొఫెసరు గారి ఎదుట ఈవేళ రోగిగా కూర్చోవడమా అని వారి సంకోచం. మన జాతీయ వైద్య కమిషన్ నియమించిన బృందం 2024లో ఇచ్చిన నివేదిక చూడండి. సర్వేకు జవాబిచ్చిన 25,590 మంది ఎం.బి.బి.ఎస్. విద్యార్థులలో దాదాపు 28 శాతం తమకు మానసిక సమస్య ఉన్నదన్నారు. 16 శాతం మందికి చనిపోవాలన్న తలంపులు వచ్చాయి. మహమ్మారి పోయినా ఇది పోలేదు.

మన సంఘాలలో ఒక మాట వినబడుతుంటుంది. "విశ్వాసముంటే దిగులెందుకు వస్తుంది?" అని. షుగరు జబ్బున్నవారిని మనం అలా అడగము. ప్రార్థనకు అయ్యగారిని పిలిచిన ఇంటివారే పిల్లను మానసిక వైద్యుని దగ్గరకూ తీసుకువెళ్ళవచ్చు. ఎవరికీ తెలియకుండా మాట్లాడాలంటే టెలీ మానస్ అనే ప్రభుత్వ సహాయ కేంద్రం 2022 అక్టోబరు నుండి పనిచేస్తున్నది. ఫోన్ నంబరు 14416. రాత్రి పగలు తెలుగులోనే మాట్లాడవచ్చు, ఖర్చు లేదు.

మా అమ్మాయి ఆ 14 మార్కులు చూసుకుని, మాకు చెప్పకుండా తన కాలేజీలోని సైకియాట్రీ మేడమ్‌గారికి ఫోన్ చేసింది. కొన్ని నెలలు మాత్రలు వాడింది. పెట్టెలో ఆ మాత్రల అట్ట కనబడి నేను అడిగితే గాని మాకు తెలియలేదు. 2020 డిసెంబరులో కాలేజీలు తెరిచే నాటికి మళ్ళీ మునుపటి పిల్ల అయింది.

అక్క కొడుకు 2021 ఏప్రిల్‌లో హౌస్‌సర్జన్‌గా చేరాడు. రెండవ వేవ్ మంచి ఊపులో ఉన్నది. హౌస్‌సర్జన్లను కోవిడ్ డ్యూటీలకు వేయాలని మే 3న ప్రధానమంత్రి కార్యాలయం ప్రకటించింది. ఏప్రిల్ 18న జరగవలసిన నీట్ పి.జి. పరీక్ష వాయిదా పడి సెప్టెంబరు 11కు పోయింది. దానితో పి.జి.లు చేరక వార్డులలో మనుషులు చాలలేదు. మావాడి పనులలో ఒకటి, చనిపోయిన రోగి ఇంటికి ఫోన్ చేసి చెప్పడం. మేము అడిగినప్పుడల్లా "డ్యూటీ బాగానే ఉంది పిన్నీ" అనేవాడు.

జూలైలో రెండు రోజులు మా ఇంటికి వచ్చాడు. ఇష్టమని కోడికూర వండితే కంచంలో కెలికి లేచాడు. ఇంట్లో ఎవరి ఫోన్ మోగినా లేచి పెరట్లోకి వెళ్ళిపోయేవాడు. అలసటేమో అనుకున్నాము. అమ్మాయి మాత్రం వెనకాలే వెళ్ళి, "అన్నయ్యా, నువ్వు సరిగ్గా నిద్రపోయి ఎన్ని రోజులైంది?" అని అడిగింది. నేను వంటింటి కిటికీ దగ్గరే ఉన్నాను. చాలాసేపు వాడు మాట్లాడలేదు. తరువాత చెప్పింది ఈ డ్యూటీ సంగతి కాదు, మొదటి లాక్‌డౌన్ సంగతి. మేడమీద గదిలో ప్రతి రాత్రీ రెండింటిదాకా మేలుకొని, వాళ్ళమ్మ వాట్సాప్ చివరిసారి ఎప్పుడు చూసిందో చూసుకుంటూ గడిపేవాడట. ఆమె చూసినట్లు కనబడితే బ్రతికి ఉన్నట్లు లెక్క. "మరి ఆ ఫారంలో అన్నీ సున్నాలెందుకు వేశావు?" అంటే, "చదివితే నిజం రాయాల్సి వస్తుందని ప్రశ్నలు చదవలేదే" అన్నాడు.

మూడవ రోజున చెల్లెలే వాణ్ణి తన డాక్టరు గారి దగ్గరకు తీసుకువెళ్ళింది. వాడు సెలవు పెట్టాడు, మందులు వాడాడు, మిగిలిపోయిన డ్యూటీలు తరువాత చేసి 2022లో హౌస్‌సర్జన్సీ ముగించాడు. ఆ మొదటి రోజు అక్కడ అదే 9 ప్రశ్నల కాగితం మళ్ళీ ఇచ్చారట. ఆరవ ప్రశ్న దగ్గర ఆగిపోయాడట. నేను ఓడిపోయాను, ఇంటివారిని నిరాశపరచాను అనిపిస్తున్నదా అని అడిగే ప్రశ్న అది. "దీనికి రెండు వెయ్యనా, మూడు వెయ్యనా?" అని చెల్లెలిని అడిగాడట.

"నీకెంత ఉంటే అంత వెయ్యి అన్నయ్యా, ఇది పరీక్ష కాదు" అన్నదట మా అమ్మాయి. ఆరోజు వాడికి వచ్చినవి 18.