పాత స్పోర్ట్స్ కారు కొంటున్నారా? ప్రకటనలో కనిపించే ధర అసలు ధర కాదు

అమెరికాలో చదువు ముగించి, మొదటి ఉద్యోగంలో రెండేళ్లు గడిచి, చేతిలో నాలుగు డాలర్లు నిలిచాక చాలామంది కుర్రాళ్లకు ఒక కోరిక పుడుతుంది. పైకప్పు తీసి నడిపే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొనాలని. కొత్తది కావాలంటే దాదాపు ముప్పై వేల డాలర్ల నుంచి మొదలవుతుంది. పాతదైతే పది వేల లోపే దొరుకుతుంది. అప్పు చేయకుండా, వడ్డీ కట్టకుండా, కూడబెట్టిన డబ్బుతోనే కొనేయొచ్చు.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఆన్‌లైన్ ప్రకటనల్లో ఒకే ధరకు పాత పోర్షే బాక్స్‌స్టర్ కనిపిస్తుంది, పాత మాజ్డా మియాటా కూడా కనిపిస్తుంది. పేరు చూస్తే ఎవరికైనా పోర్షే మీదే మనసు పోతుంది. ఇంటికి ఫోన్ చేసి "అబ్బా, పోర్షే కొంటున్నా" అని చెప్పుకోవడంలో ఉండే సంబరం వేరు. కానీ ఆరు నెలలు తిరిగేసరికి మెకానిక్ బిల్లు చూసి, దాచుకున్నదంతా పోయిందని తల పట్టుకునేవాళ్లూ ఉంటారు. అందుకే కారు కంటే ముందు లెక్క చూడాలి.

కొన్న ధర వేరు, పడే ఖర్చు వేరు

పాత కారు ధర తగ్గుతుంది గానీ దాని విడిభాగాల ధర తగ్గదు. కొత్తగా ఉన్నప్పుడు నలభై, యాభై వేల డాలర్లు పలికిన కారు ఇప్పుడు ఎనిమిది వేలకు వచ్చినా, దాని బ్రేకులు, సస్పెన్షన్, ఇంజిన్ పని మాత్రం ఖరీదైన కారు లెక్కనే ఉంటుంది. అందుకే ఈ కార్ల విషయంలో అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎంతకు ఇస్తారు?" అని కాదు. "మూడేళ్లు నడిపితే మొత్తం ఎంత అవుతుంది?" అని.

బాక్స్‌స్టర్‌నే తీసుకుందాం. 1997 నుంచి 2008 వరకు వచ్చిన మోడళ్ల ఇంజిన్‌లో ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్ అనే చిన్న భాగం ఉంటుంది. దాన్నే ఐఎంఎస్ బేరింగ్ అంటారు. చాలా కార్లలో అది ఏ గొడవా లేకుండా నడుస్తుంది. కానీ పాడైతే ఇంజిన్ మొత్తం దెబ్బతినే ప్రమాదం ఉంది. చాలా మోడళ్లలో దాన్ని ముందుజాగ్రత్తగా మార్పించాలంటే గేర్‌బాక్స్ దించాలి. క్లచ్ పనితో కలిపి రెండు మూడు వేల డాలర్లు సులువుగా అవుతాయి. ఆ పని ముందే అయినట్టు బిల్లు చూపిస్తే సరే. బిల్లు లేకపోతే ఆ ఖర్చు కొనేవాళ్ల నెత్తిన పడుతుందనే అనుకోవాలి.

మియాటా పేరే ఎందుకు వినిపిస్తుంది

మాజ్డా మియాటాను 1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో మొదటిసారి చూపించారు. అమెరికా బయట చాలా దేశాల్లో దీన్ని ఎంఎక్స్-5 అంటారు. పాతకాలపు బ్రిటిష్ ఓపెన్ టాప్ కార్ల సరదాను నమ్మకమైన జపాన్ ఇంజిన్‌తో ఇవ్వాలన్నదే ఆలోచన. అది పనిచేసింది. 2016 ఏప్రిల్‌లో పది లక్షలవ కారు తయారైంది. ప్రపంచంలో ఎక్కువగా అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారుగా గిన్నిస్ రికార్డు కూడా దీనిదే.

ఇన్ని కార్లు రోడ్డు మీద ఉండటం వల్ల కొనేవాళ్లకు ఒక పెద్ద లాభం. విడిభాగాలు చవకగా, సులువుగా దొరుకుతాయి. ఏ ఊళ్లో చూసినా దీని పని తెలిసిన మెకానిక్ ఉంటాడు. పాత మోడళ్ల బరువు ఒక టన్ను దగ్గరే కాబట్టి టైర్లు, బ్రేకులు త్వరగా అరగవు. పెద్ద ఇంజిన్ లేదు, సాధారణ మోడళ్లలో టర్బో లేదు. చెడిపోయేవే తక్కువ.

ఏ తరం కారు ఎవరికి

మొదటి తరం 1990 నుంచి 1997 మోడళ్లు. లేచి పడుకునే హెడ్‌లైట్లు దీనికి మాత్రమే ఉంటాయి. 1993 వరకు 1.6 లీటర్ల ఇంజిన్, 1994 నుంచి 1.8 లీటర్లు. 1990, 1991 తొలి కార్లలో క్రాంక్‌షాఫ్ట్ ముందు భాగం చిన్నగా ఉండి, అక్కడ అరిగిపోయే సమస్య ఉంది. అందుకే ఆ ఏళ్లవి కొనేటప్పుడు తెలిసినవాళ్లకు చూపించాలి. అభిమానులు ఎక్కువ కావడంతో ఈ తరంలో బాగున్న కార్ల ధరలు పెరిగిపోయాయి.

రెండో తరం అమెరికాలో 1999 నుంచి 2005 వరకు. తక్కువ డబ్బుతో మొదలుపెట్టేవాళ్లకు ఇది సరిపోతుంది. ఇంజిన్ 1.8 లీటర్లు. పైకప్పు వెనుక ప్లాస్టిక్ కిటికీ బదులు గాజు వచ్చింది. ఈ రెండు తరాల్లోనూ టైమింగ్ బెల్టు ఉంటుంది. అరవై వేల మైళ్లకు ఒకసారి మార్చాలన్నది సాధారణ లెక్క.

మూడో తరం 2006 నుంచి 2015 వరకు. ఇంజిన్ 2 లీటర్లు, బెల్టు బదులు టైమింగ్ చైన్. లోపల చోటు కాస్త ఎక్కువ కాబట్టి పొడుగ్గా ఉండేవాళ్లు దీన్నే చూడాలి. 2007 నుంచి బటన్ నొక్కితే మడుచుకునే గట్టి పైకప్పు కూడా వచ్చింది. రోజూ ఆఫీసుకు వెళ్లి రావడానికి వాడేవాళ్లకు ఈ తరమే మేలు. 2016 నుంచి వచ్చిన నాలుగో తరం ఇంకా మంచిదే గానీ పది వేల బడ్జెట్‌లో సాధారణంగా అందదు.

మిగతావి వద్దా?

వద్దని కాదు. ఒక్కోదానికి ఒక్కో చిక్కు ఉంది. అది తెలిసి కొనాలి.

టొయోటా ఎంఆర్2 స్పైడర్ అమెరికాలో 2000 నుంచి 2005 వరకు అమ్మారు. ఇంజిన్ సీట్ల వెనకే ఉంటుంది. నడపడానికి బాగుంటుంది గానీ సామాను పెట్టుకోవడానికి చోటు దాదాపు లేనట్టే. తొలి ఏళ్ల కార్లలో ఎగ్జాస్ట్‌లోని ప్రీ-క్యాటలిస్ట్ చిట్లి, ఆ పొడి ఇంజిన్‌లోకి వెళ్లే సమస్య ఉంది.

బీఎండబ్ల్యూ జెడ్3 చూడటానికి అందంగా ఉంటుంది. వెనుక డిఫరెన్షియల్‌ను పట్టి ఉంచే చోట రేకు చిరగడం, కూలింగ్ వ్యవస్థలో ప్లాస్టిక్ భాగాలు పగలడం దీని పాత జబ్బులు. కారును లిఫ్ట్ మీద ఎక్కించి చూడకుండా కొనకూడదు.

పాంటియాక్ సాల్స్‌టిస్, సాటర్న్ స్కై కూడా ధర తక్కువే. కానీ ఆ రెండు బ్రాండ్లూ ఇప్పుడు లేవు. కొన్ని విడిభాగాల కోసం వెతుక్కోవాల్సి వస్తుంది. ఇక హోండా ఎస్2000 గట్టి కారే, ఇంజిన్ 9,000 ఆర్‌పీఎం దాకా పరుగెత్తేది. అయితే ఇప్పుడది చవక కార్ల జాబితాలో లేదు.

చూడటానికి వెళ్లినప్పుడు

కన్వర్టిబుల్‌కు మొదటి శత్రువు నీళ్లు. పైకప్పు మీద పడిన వాన సీట్ల వెనక ఉండే చిన్న రంధ్రాల గుండా కిందికి పోవాలి. ఆకులు, మట్టి చేరి ఆ రంధ్రాలు మూసుకుపోతే నీళ్లు లోపలే నిలుస్తాయి. తలుపుల కింద ఉండే రేకు లోపల్నుంచి తుప్పు పడుతుంది. అందుకే వెనక చక్రం ముందు, తలుపు కింద చేత్తో నొక్కి చూడాలి. పెయింటు ఉబ్బినా, రేకు మెత్తగా తగిలినా అక్కడ తుప్పు ఉన్నట్టే. రెండో తరంలో ఇంజిన్ కింద ముందువైపు సాగే చట్రం పట్టాలు కూడా చూడాలి.

కార్పెట్ ఎత్తి తడి ఉందేమో చూడాలి. ముక్కిపోయిన వాసన వస్తే వదిలేయొచ్చు. పైకప్పును రెండు మూడుసార్లు తెరిచి మూయాలి. కుట్లు ఊడితే, గుడ్డ చిరిగితే కొత్తదానికి కూలీతో కలిపి వెయ్యి డాలర్ల పైనే అవుతుంది.

కారు ఏ రాష్ట్రంలో తిరిగిందన్నదీ ముఖ్యమే. న్యూజెర్సీ, ఒహాయో, మిచిగన్, ఇల్లినాయిస్ లాంటి చోట్ల చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు కారు అడుగును తినేస్తుంది. టెక్సాస్, అరిజోనా కార్లలో ఆ తుప్పు తక్కువ, కాకపోతే ఎండకు పైకప్పు, డ్యాష్‌బోర్డు ఎండిపోయి ఉంటాయి. రెంటిలో ఎండ దెబ్బే నయం. పైకప్పు మార్చుకోవచ్చు, కుళ్లిన చట్రాన్ని బాగుచేయించడం దండగ.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయమని అడగాలి. అమ్మేవాళ్లు ముందే వేడి చేసి ఉంచితే ఏదో దాస్తున్నారేమోనని అనుమానించాలి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోందని అర్థం. గేర్లు మార్చేటప్పుడు, ముఖ్యంగా రెండో గేరు, గరగరమంటే గేర్‌బాక్స్ అరిగినట్టు.

ఇవన్నీ సొంతంగా చూసినా, కొనే ముందు అమ్మేవాళ్లకు సంబంధం లేని మెకానిక్‌తో ఒకసారి చూపించాలి. దీనికి సుమారు 150 నుంచి 300 డాలర్లు అవుతాయి. "మెకానిక్ అక్కర్లేదు, నా మాట నమ్ము" అనే అమ్మకందారుకు సలాం చెప్పి వచ్చేయడమే మంచిది.

కాగితాలు కారు కంటే ముందు

ప్రతి కారుకూ 17 అక్షరాలు, అంకెల విన్ నంబర్ ఉంటుంది. దాంతో కార్‌ఫ్యాక్స్ లేదా ఆటోచెక్ రిపోర్టు తీయాలి. టైటిల్ మీద శాల్వేజ్, రీబిల్ట్, ఫ్లడ్ అనే మాటలు ఉంటే కారు ఎప్పుడో పెద్ద ప్రమాదంలోనో, వరదలోనో పడిందని అర్థం. 2017లో హార్వీ హరికేన్ హ్యూస్టన్‌ను ముంచినప్పుడు లక్షల వాహనాలు నీట మునిగాయి. అలాంటి కార్లు రాష్ట్రాలు మారి మళ్లీ బజారుకు వస్తుంటాయి.

మైలేజీ విషయంలో ఇంకో మెలిక ఉంది. ఫెడరల్ నిబంధన ప్రకారం 2010, అంతకుముందు మోడళ్లను అమ్మేటప్పుడు ఓడోమీటర్ ప్రకటన తప్పనిసరి కాదు. అంటే పాత మియాటా మీటరులో అరవై వేలు కనిపించినా అదే నిజమని చట్టం హామీ ఇవ్వదు. సర్వీసు బిల్లుల మీద తేదీ, మైలేజీ రెండూ ఉంటాయి కాబట్టి మీటరు కంటే వాటినే నమ్మాలి.

డీలరు దగ్గర కొంటే కిటికీకి బయ్యర్స్ గైడ్ అనే కాగితం అంటించి ఉండాలి. అందులో "యాజ్ ఈజ్" అని ఉంటే, బయటికి తీసుకెళ్లాక ఏం జరిగినా ఖర్చు కొన్నవాళ్లదే.

పది వేల డాలర్ల లెక్క

చేతిలో పది వేలు ఉన్నాయనుకుందాం. పది వేల కారు కొనకూడదు. డాలస్‌లో ఏడు వేలకు రెండో తరం మియాటా దొరికిందనుకుంటే లెక్క ఇలా ఉంటుంది. టెక్సాస్‌లో 6.25 శాతం పన్ను అంటే సుమారు 437 డాలర్లు. మెకానిక్ పరీక్షకు 200. టైమింగ్ బెల్టు, వాటర్ పంపు మార్చడానికి 900. నాలుగు టైర్లకు 500. మొత్తం 9,037 డాలర్లు. చేతిలో మిగిలేది వెయ్యి లోపే. పైకప్పు కూడా చిరిగి ఉంటే, దానికి 1,200 వేసుకున్నా బడ్జెట్ దాటిపోతుంది. అప్పుడు ఆ 1,200 ధరలోనే తగ్గించమని బేరం ఆడాలి.

ఇన్సూరెన్స్ ఈ లెక్కలో లేదు. పాతికేళ్ల లోపు వాళ్లకు ప్రీమియం ఎక్కువ పడుతుంది. డబ్బు చేతులు మారకముందే విన్ నంబరుతో కోట్ తీసుకోవాలి.

కొనే కాలం కూడా చూసుకోవాలి. చలి ఎక్కువ ఉండే రాష్ట్రాల్లో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఓపెన్ టాప్ కార్లను అడిగేవాళ్లు తక్కువ. బేరం కుదిరేది అప్పుడే. ఏప్రిల్‌లో ఎండ రాగానే ధర కూడా లేస్తుంది.

పెళ్లి, పిల్లలు, ఇండియా

వెనక సీటు లేని కారులో పిల్లల సీటు పెట్టుకోవడం కష్టం. పసిపిల్లలను ఎయిర్‌బ్యాగ్ ముందు కూర్చోబెట్టడం ప్రమాదం. ఇంట్లో ఇంకో కారు ఉంటేనే ఇది సరదా కారు అవుతుంది. ఉన్నది ఇదొక్కటే అయితే ఏడాదికే అమ్ముకోవాల్సి రావచ్చు.

తిరిగి వచ్చేటప్పుడు కారును హైదరాబాద్ తెచ్చుకుందామనే ఆశ కూడా పెట్టుకోకూడదు. భారత నిబంధనల ప్రకారం దిగుమతి చేసుకునే పాత కారు తయారై మూడేళ్లు మించకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. అమెరికా కార్ల స్టీరింగ్ ఎడమవైపు. ఒకవేళ అనుమతి దొరికినా సుంకాలు, పన్నులు కలిపితే కారు విలువనే దాటిపోతాయి. పైగా మాజ్డా ఇక్కడ కార్లు అమ్మదు, సర్వీసు సెంటర్లూ లేవు.

కాబట్టి ఈ కారును అక్కడే కొని, అక్కడే నడిపి, అక్కడే అమ్మాలి. తుప్పు లేని, బిల్లులున్న మియాటాను జాగ్రత్తగా వాడుకుంటే రెండు మూడేళ్ల తర్వాత కొన్న ధరకు దగ్గరగానే అమ్ముడుపోయే అవకాశం ఉంది. బిల్లులు లేని పోర్షేకు ఆ భరోసా లేదు. ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి పోర్షే పేరు బాగానే ఉంటుంది గానీ, నెలాఖరున బ్యాంకు ఖాతా చూసుకున్నప్పుడు మాత్రం మియాటా కొన్నవాళ్లే నిశ్చింతగా నిద్రపోతారు.