తక్కువ పండు వంగడమును త్రోసివేయకుడు

తక్కువ పండు వంగడము పనికిరానిదని మనము సాధారణముగా విడిచిపెట్టుదుము. క్రొత్త వంగడములను సృష్టించు శాస్త్రజ్ఞులట్లు చేయరు. ఇతర వంగడములయందు లేని గుణమేది దీనియందు కలదని వారు విచారింతురు. ఈ విచారణకే వైవిధ్య పరీక్షయని పేరు.

వరియందు ఈ పరీక్ష యిట్లు జరుగును. సేకరించిన వంగడములన్నిటిని ఒకే దినమున నారుపోసి, ఒకే పొలములో, ఒకే ఎడముతో నాటుదురు. నేల, నీరు, ఎరువు సమానముగా లేనియెడల, కనబడు భేదము విత్తనముదో భూమిదో తేలదు. అందుచేతనే ప్రతి వంగడమును పెక్కు మడులలో నాటి, నడుమ నడుమ పోల్చి చూచుటకై బాగుగా తెలిసిన వంగడమునొకదానిని వేయుదురు. పిదప వెన్ను తీయుటకు పట్టిన దినములు, పైరు ఎత్తు, పిలకలు, వెన్ను పొడవు, వేయి గింజల బరువు కొలిచి వ్రాసికొందురు. తెగుళ్లకును, నీటి యెద్దడికిని, ముంపునకును వేఱుగా పరీక్షింతురు.

పేరును మాత్రము నమ్మరాదు. ఒకే పేరుతో రెండు ఊళ్లలో రెండు వంగడములుండవచ్చును. రెండు పేర్లతో ఒకటే యుండవచ్చును. ఈ చిక్కు విప్పుటకు నేడు ఆకునుండి డి.ఎన్.ఏ. తీసి పోల్చుచున్నారు. దానివలన దగ్గర చుట్టములేవో, దూరపువేవో తెలియును. దగ్గర చుట్టములను సంకరము చేసిన క్రొత్త గుణములు స్వల్పముగనే లభించును.

ఇందలి ప్రయోజనమునకు రెండు నిదర్శనములు చాలును. సుడిదోమ వలన వ్యాపించి పైరును గిడసబార్చు వైరస్ తెగులొకటి 1970 ప్రాంతమున ఆసియా ఖండమున ప్రబలెను. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థవారు ఆరువేలకు పైగా విత్తన నమూనాలను పరీక్షింపగా, ఉత్తర ప్రదేశమున సేకరించిన అడవివరి యొక్కటియే దానికి తట్టుకొన్నది. ఆ గుణము 1976లో విడుదలయైన ఐ.ఆర్. 36 వంగడమునకు సంక్రమించినది.

రెండవది మన డెల్టా రైతులకు మిక్కిలి దగ్గరిది. మార్టేరున పుట్టిన స్వర్ణ వంగడము బాగుగా పండును గాని ముంపునకు తాళదు. ఒడిశా నాటువరినుండి ఎన్నికచేసిన ఎఫ్.ఆర్. 13 ఏ పంట తక్కువ. అయినను నీట మునిగినప్పుడు పెరుగుట మాని, తన బలమును దాచుకొని, నీరు తీసిన పిదప మరల చిగిర్చును. ఆ జన్యువును స్వర్ణలో ప్రవేశపెట్టగా, రెండువారముల వఱకు ముంపునోర్చు స్వర్ణ సబ్-1 యేర్పడి 2009లో మన దేశమున విడుదలయ్యెను. ఆ నాటువరిని పంట తక్కువయని పారవైచియుండినచో ఈ మేలు మనకు దక్కకపోయెడిది.

కావున పాత విత్తనము మీ యింట నున్నయెడల పారవేయకుడు. మేలైన వెన్నులనే యేరక, పొలమంతట తిరిగి ఏబది మొక్కలకు తక్కువగాకుండ వెన్నులు కోయుడు. బాగుగా నారబెట్టి, ఇతర విత్తనముతో కలియనీయక, ఊరి పేరు, వంగడము పేరు, నేల స్వభావము, పంటకాలము వ్రాసియుంచుడు. హైదరాబాదులోని జాతీయ వృక్ష జన్యు వనరుల సంస్థ ప్రాంతీయ కేంద్రము ఇట్టి విత్తనములను సేకరించుచుండును. విత్తనము చేతనున్నచో దాని గుణమును రేపైనను కనుగొనవచ్చును. నశించిన విత్తనమును ఏ శాస్త్రజ్ఞుడును మరల తేజాలడు.