కలుపుకున్నవాళ్లకి కలుపుకున్నంత!

‘ఓసారి ఇంటికి రండి...’

ఎదురుపడ్డ ప్రతిసారీ అంటాం. వాళ్లూ ‘తప్పకుండా’ అంటారు. ఆ ‘ఓసారి’ మాత్రం నెలలు గడిచినా రాదు. ప్రేమ లేక కాదు... భయం! నలుగురొస్తే నాలుగు కూరలు చేయాలి. పులిహోరో బిర్యానీయో ఉండాలి. స్వీటు సరేసరి. పొద్దున్నే మొదలుపెడితే వాళ్లొచ్చే వేళకి నడుం పట్టేస్తుంది. తీరా వచ్చాక హాల్లో నవ్వులు వినిపిస్తుంటాయి, ఇల్లాలు వంటింట్లో పూరీలు వత్తుతుంటుంది. అందరూ తిని లేచాక ఆఖర్న చల్లారిన అన్నంతో కూర్చుంటుంది. ఎవరేం మాట్లాడుకున్నారో ఆమెకి తెలీదు. అలాంటి విందు ఒక్కటి చేశాక మళ్లీ పిలవాలంటే ఎవరైనా వెనకాడతారు.

అదే... వేడివేడి అన్నం, ముద్దపప్పు, పేరిన నెయ్యి, రెండు పొడులు, మూడు పచ్చళ్లు, వడియాలు, గడ్డపెరుగు బల్ల మీద పెట్టేసి ‘మీకేది ఇష్టమైతే అది కలుపుకోండి’ అంటే? పిలిచినవాళ్లకి హడావుడి ఉండదు. వచ్చినవాళ్లకి మొహమాటం ఉండదు. అన్నిటికన్నా ముఖ్యం... వండిన మనిషి కూడా వాళ్లతోపాటే కూర్చుని తినొచ్చు!

మనకి కొత్తేం కాదు

ఎవరికి కావలసింది వాళ్లు కలుపుకునే విందులు ప్రపంచంలో చాలాచోట్ల ఉన్నాయి. అమెరికాలో ‘టాకో బార్’ అని పెడతారు. మొక్కజొన్న రొట్టెలు, ఉడికించిన గింజలు, కూరగాయ ముక్కలు, చీజ్, కారపు పచ్చళ్లు విడివిడిగా ఉంటాయి. కావలసినవి రొట్టెలో పెట్టుకుని తినడమే. కొరియావాళ్ల బిబింబాప్‌లో అన్నం మీద రకరకాల కూరలు పేర్చి ఇస్తారు, తినేవాళ్లే కలుపుకుంటారు.

నిజానికి ఈ విద్యలో మనల్ని మించినవాళ్లు ఎవరు! తెలుగు భోజనంలో సగం వంట పొయ్యి మీద జరిగితే మిగతా సగం కంచంలోనే జరుగుతుంది. ఎంత పచ్చడికి ఎంత అన్నం, ఎంత నెయ్యి అన్నది ఎవరి చేతి లెక్క వాళ్లది. ఒకే ఆవకాయ అన్న కలిపితే ఒక రుచి, చెల్లెలు కలిపితే ఒక రుచి.

పిలిచి పెట్టడమన్నదీ మనకి పాతదే. 1509 నుంచి 1529 వరకూ విజయనగరాన్ని ఏలిన శ్రీకృష్ణదేవరాయలు తన ‘ఆముక్తమాల్యద’లో విష్ణుచిత్తుడు అతిథులకి ఏ కాలంలో ఏం పెట్టేవాడో వర్ణించాడు. వానాకాలంలో పప్పు, వేపుళ్లు, వడియాలు, పెరుగు. ఎండాకాలంలో నులివెచ్చని అన్నం, తియ్యని చారు, మజ్జిగ, ఊరగాయలు. చలికాలంలో వేడి అన్నం, మిరియాల పొడి వేసిన కూరలు, ఆవ పెట్టిన పచ్చళ్లు, నెయ్యి. మిరపకాయ మన వంటింట్లో ఇంకా స్థిరపడని రోజులవి, కారమంటే మిరియమే! తర్వాత పోర్చుగీసువారి ఓడల్లో వచ్చిన మిరప మన పొడుల, పచ్చళ్ల రంగే మార్చేసింది. ఎంత మారినా వేడి అన్నం, దాని పక్కన ఘాటుగా ఒకటి, కమ్మగా ఒకటి... ఈ లెక్క మాత్రం మారలేదు.

బల్ల మీద ఏమేం ఉండాలి?

ఎన్ని రకాలు పెట్టామన్నది కాదు, ఒకదానికొకటి కుదిరాయా అన్నదే చూసుకోవాలి. ‘కమ్మన, కారం, పులుపు, కరకర, చల్లన’... ఈ అయిదూ ఉంటే చాలు.

కమ్మన: ముద్దపప్పు, నెయ్యి. ఇవి లేకపోతే కథే లేదు. పప్పులో ఉప్పు, పసుపు తప్ప ఏమీ వేయకండి. అప్పుడే ఏ పచ్చడితోనైనా కలుస్తుంది.

కారం: కందిపొడి, వెల్లుల్లి కారం, కరివేపాకు పొడి, నువ్వుల పొడి, అవిసె గింజల పొడి... వీటిలో ఏవైనా రెండు. కందిపొడి మాత్రం తప్పనిసరి. బెంగళూరు ఆంధ్రా భోజనశాలల్లో దీనికి ‘గన్ పౌడర్’ అని పేరు!

పులుపు: ఆవకాయ, గోంగూర, పండుమిర్చి, మాగాయ, చింతకాయ... ఇంట్లో ఉన్నవాటిలో మూడు. వీటికి తోడు పచ్చిపులుసు.

కరకర: గుమ్మడి వడియాలు, అప్పడాలు, చల్ల మిరపకాయలు. చక్రాల్లా తరిగిన ఉల్లిపాయ, నిమ్మచెక్కలు పక్కన ఉండాల్సిందే. ఉత్త పచ్చళ్లేనా అనిపిస్తే ఒక బంగాళాదుంప వేపుడు చాలు.

చల్లన: గడ్డపెరుగు. కారం తిన్న నాలుకకి అంతకన్నా హాయి లేదు.

ఏ జోడీ బాగుంటుంది?

ముద్దపప్పు-ఆవకాయ-నెయ్యి గురించి చెప్పేదేముంది! తెలంగాణ ఇళ్లలో ముద్దపప్పుకి పచ్చిపులుసు తోడు. కందిపొడి కలుపుకున్న అన్నంలోనూ పచ్చిపులుసు నంజుకుని చూడండి. గోంగూరకి పచ్చి ఉల్లిపాయ జత. రాయలసీమవాళ్లు వస్తుంటే అన్నం పక్కన నాలుగు రాగిసంగటి ముద్దలు, వేరుశనగ పచ్చడి పెట్టండి... వాళ్ల మొహం చూడాలి! మాగాయని పెరుగులో కలిపి పోపు పెడితే అదో కొత్త పచ్చడి. ఆఖర్న పెరుగన్నంలోకి చల్ల మిరపకాయ.

ఇలాంటి జోడీలు తలా ఒకటి చెబుతుంటేనే సగం కబుర్లు అయిపోతాయి. ‘మా అమ్మమ్మ ఇలా కలిపేది’ అని ఒకరు మొదలుపెడితే పక్కవాళ్లు ఊరుకోరు. హోటల్లో బిల్లు కట్టి వచ్చే విందుకీ దీనికీ తేడా అదే.

పదిమందికి లెక్క

వంట చేసినవాళ్లతో కలిపి పదిమంది పెద్దవాళ్లు అనుకుందాం. బియ్యం కిలోంపావు, కందిపప్పు 400 గ్రాములు, నెయ్యి పావుకిలో, పెరుగుకి రెండు లీటర్ల పాలు, ఉల్లిపాయలు అరకిలో, అప్పడాలు ఇరవై. ఒక్కో పొడి, ఒక్కో పచ్చడి 150 గ్రాముల చొప్పున సరిపోతాయి. వేపుడు చేస్తే బంగాళాదుంపలు కిలోన్నర.

అన్నం మాత్రం ఒకేసారి వండొద్దు. ముందు ముప్పావు కిలో వండి, అందరూ కూర్చునే ముందు మిగతా అరకిలో కుక్కర్‌లో పెట్టండి. మారు వడ్డనకి పొగలు కక్కుతూ దిగుతుంది. ఇందులో రుచి ఒక్కటే కాదు, ఆరోగ్యమూ ఉంది. బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మక్రిమి బీజాలు అన్నం ఉడికినా చావవు. గోరువెచ్చగా గంటలకొద్దీ బయట ఉంటే అవి పెరిగి వాంతులు, విరేచనాలు తెప్పిస్తాయి. అందుకే అన్నం, పప్పు బయట రెండు గంటలకి మించి ఉంచొద్దు. వేడి తగ్గని హాట్‌ప్యాక్‌లో ఉంచండి, మిగిలితే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి.

నాలుగు రోజుల ముందే సగం పని

ఈ విందులో ఉన్న సుఖమంతా ఇక్కడే ఉంది. పొడులు వారం ముందు కొట్టుకోవచ్చు. ఆవకాయ, మాగాయ జాడీలో ఉండనే ఉన్నాయి. గోంగూర రెండు రోజుల ముందు నూరి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. ముందురోజు రాత్రి పాలు తోడేస్తే సరి. ఇక ఆ రోజు చేయాల్సింది అన్నం, పప్పు, పచ్చిపులుసు, అప్పడాలు, వడియాలు వేయించడం. గంటన్నర పని!

కందిపొడి: కందిపప్పు రెండు కప్పులు, శనగపప్పు అరకప్పు, పెసరపప్పు అరకప్పు, ఎండుమిర్చి పదిహేను, జీలకర్ర రెండు చెంచాలు, తగినంత ఉప్పు. పప్పులు దేనికది నూనె లేకుండా సన్నని సెగ మీద కమ్మని వాసన వచ్చేదాకా వేయించాలి. మంట పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. మిర్చి, జీలకర్ర కూడా వేయించి, అన్నీ పూర్తిగా చల్లారాక ఉప్పు చేర్చి కాస్త పలుకుగా పొడి చేయండి. వేడి మీద మిక్సీలో వేస్తే చెమ్మగిల్లి ఉండ కడుతుంది. తడిలేని సీసాలో పెడితే నెల్లాళ్లు ఉంటుంది.

పచ్చిపులుసు: రెండు నిమ్మకాయలంత చింతపండు నానబెట్టి పిండి, లీటరున్నర నీళ్లు కలపండి. సన్నగా తరిగిన రెండు ఉల్లిపాయలు, సెగ మీద కాల్చి నలిపిన నాలుగు పచ్చిమిరపకాయలు, ఉప్పు, కాస్త బెల్లం, కొత్తిమీర వేయండి. వేయించి దంచిన నువ్వుల పొడి రెండు చెంచాలు కలిపితే చిక్కదనం వస్తుంది. పైన ఆవాలు, జీలకర్ర, కరివేపాకు పోపు. కాచే పనే లేదు.

‘కొసరి వడ్డించకపోతే మర్యాదేనా?’

ఇంట్లో పెద్దవాళ్లు తప్పక అడిగే ప్రశ్న. న్యాయమైనదే. ‘ఇంకాస్త వేసుకోండి’ అనకపోతే మన విందు విందులా ఉండదు. దానికో మార్గం ఉంది. మొదటి వడ్డన మీరే చేయండి. అందరి కంచాల్లో అన్నం, పప్పు, నెయ్యి వడ్డించి, ఒక్కో గిన్నె చూపించి ఇదేమిటో చెప్పండి. ఆ తర్వాత మీ కంచం పెట్టుకుని వాళ్ల మధ్య కూర్చోండి. పక్కనే కూర్చుని ‘ఈ గోంగూర చూశారా’ అని గిన్నె జరపడం కూడా కొసరడమే!

రెండో సందేహం ఎంగిలి. గిన్నెలు రెండు జట్లుగా సర్దితే చెయ్యి చాచి అందుకోవాల్సిన పని ఉండదు. ప్రతి గిన్నెకీ విడి చెంచా ఉండాలి. కుడిచెయ్యి అన్నంలో ఉంటుంది కాబట్టి ఎడమ చేతికి అందేలా పెట్టండి. పచ్చడి జాడీ ఎప్పుడూ బల్ల మీదకి తేవొద్దు. కావలసినంత చిన్న గిన్నెలోకి తీయండి. తడి చెంచా ఒక్కసారి పడితే ఏడాది ఆవకాయ బూజు పట్టిపోతుంది.

చోటు చాలదనుకుంటే చాపలు పరవండి. మధ్యలో గిన్నెలు, చుట్టూ అరిటాకులు. కడిగే కంచాలు కూడా తగ్గుతాయి.

అందరికీ అన్నీ పడవుగా!

పడవు. అందుకే ఈ పద్ధతి. పెద్ద విందుల్లో షుగరున్న బాబాయిగారు, బీపీ ఉన్న అత్తయ్యగారు, కారం తినని పిల్లలు ఏదో ఒకదానికి ఇబ్బంది పడుతూనే ఉంటారు. ‘నాకొద్దు’ అంటే పిలిచినవాళ్లు నొచ్చుకుంటారేమోనని నోరు విప్పరు. ఎవరి కంచం వాళ్లే కలుపుకునే చోట ఆ బాధ లేదు. వదిలేసింది ఎవరికీ కనిపించదు.

మనం చేయాల్సిందల్లా నాలుగు జాగ్రత్తలు. పెద్దవాళ్లకి ఉప్పు రోజుకి అయిదు గ్రాముల లోపే ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్యసంస్థ సలహా. ఊరగాయల్లో ఉప్పు ఎక్కువ కాబట్టి ఒక పొడి ఉప్పు తక్కువగా కొట్టి దాని పేరు చెప్పి పెట్టండి. కొంచెం పప్పు ఉప్పు వేయకుండా విడిగా తీయండి. తెల్లన్నం తగ్గించినవాళ్లకి కొర్రన్నమో రెండు జొన్నరొట్టెలో ఉంచండి. పిల్లలకి పప్పు, నెయ్యి, అప్పడం చాలు. వేరుశనగ, నువ్వులు పడనివాళ్లు కొందరుంటారు కాబట్టి ఏ పొడిలో ఏముందో ముందే చెప్పేయండి.

ఇక వచ్చేవాళ్లు ‘ఏమైనా తెమ్మంటారా?’ అని అడిగితే ‘అబ్బే, ఎందుకు’ అనకండి. ‘మీ ఇంటి పచ్చడి ఒక చిన్న సీసా’ అనండి. అప్పుడు బల్ల మీద కృష్ణా జిల్లా ఆవకాయ పక్కన కరీంనగర్ పచ్చడి చేరుతుంది. ఇదే మాట విదేశాల్లో ఉంటున్న మన పిల్లలకీ చెప్పొచ్చు. పెట్టెలో మోసుకెళ్లిన పొడులు తలా ఒకటి బయటికి తీస్తే, ఒక కుక్కర్ అన్నంతో పండగే!

వెండి కంచాలు, పదహారు రకాల వంటలు పెళ్లిళ్లకి ఎలాగూ ఉన్నాయి. స్నేహితులతో, చుట్టాలతో నాలుగు మాటలు మాట్లాడుకోవడానికి అంత అక్కర్లేదు. ఈ ఆదివారమే ఆ ‘ఓసారి ఇంటికి రండి’కి ఒక తేదీ పెట్టేయండి. కంచాలు లెక్కపెట్టేటప్పుడు మాత్రం ఒక సంగతి గుర్తుంచుకోండి... వండినవాళ్ల కంచం కూడా అందులో ఉండాలి!