రైలుదారి ప్రక్క పల్లెలు

మన వంటయింట నుడుకు తాండూరు కందిపప్పును, మన వసారాలో బరచిన తాండూరు నాపరాతిని మనమందఱ మెఱుగుదుము. అవి పుట్టిన నేలను గూర్చియు, ఆ నేలమీదుగా బోవు రైలుదారిని గూర్చియు, ఆ దారి ప్రక్కనున్న చిన్న పల్లెలను గూర్చియు యోచించువారు మాత్ర మరుదు.

వికారాబాదు చెంతనున్న అనంతగిరి కొండలలో మూసీనది పుట్టి తూర్పుగా హైదరాబాదునకు బోవుచున్నది. పడమటి వైపున కాగ్నానది తాండూరు మీదుగా బోయి భీమానదిలో గలియుచున్నది. కొండ దిగినంతనే కనుచూపు మేర మెట్టచేలు. పూడూరు, వికారాబాదు ప్రాంతముల నెఱ్ఱనేల హెచ్చు. తాండూరు వైపు బోయినకొలది నల్లరేగడి. ఆ రేగడిలో కందియు జొన్నయు పండును. దాని క్రింద నాపరాయి పలకలు పలకలుగా నున్నది. తాండూరు కందికి 2022వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించినది.

ఈ మైదానమునకు 1874లో రైలు వచ్చెను. బొంబాయి నుండి మదరాసునకు బోవు మార్గముపైనున్న వాడి మొదలుకొని సికిందరాబాదు వఱకు, సుమారు 120 మైళ్ల దారిని నిజాము ప్రభుత్వ ధనముతో నిర్మించిరి. అప్పటి దివాను మొదటి సాలారుజంగు. పిమ్మట బీదరు, పర్లి వైపు బోవు శాఖ వికారాబాదు వద్ద చీలుటచే నా యూరు జంక్షనాయెను. 1930లో నిజాము ప్రభుత్వము కంపెనీవారి నుండి రైల్వేను గొనెను. 1951లో నది భారత రైల్వేలలో గలిసెను. 1966 నుండి ఈ దారి దక్షిణమధ్య రైల్వేకు జెందినది.

దారి వేసినవారి దృష్టి పట్టణములపై నుండెను. పల్లెలు నడుమ దగిలినవి. అట్లు తగిలిన చిట్టిగిద్ద, ధారూరు, రుక్మాపూరు వంటి యూళ్లకు స్టేషను కలిగినది. పూడూరునకు రైలుదారి లేదు. అచ్చటివారు బండి యెక్కవలెనన్న వికారాబాదు చేరవలెను. అయితే స్టేషనుండుట వేఱు, అందు బండి నిలుచుట వేఱు. వేగపు బండ్లు చిన్న స్టేషనును జూడనట్లే సాగిపోవును. పాసెంజరు బండి యొక్కటియే యాగి, గంపతో నున్న యాడుదానిని ఎక్కించుకొనును. అది నిలుచు వేళయే పల్లెకు గడియారము.

ఆ బండికై తెల్లవాఱక మునుపే లేచి, పొయ్యిపని ముగించి, పిల్లల నత్తగారి కప్పగించి, నెత్తిన చుట్టకుదురు పెట్టి ఆకుకూరల గంప నెత్తుకొను స్త్రీకి టిక్కెట్టు వెల చిన్న మాట కాదు. 2020 మార్చిలో మహమ్మారి కారణముగ దేశమంతట ప్రయాణికుల బండ్లు నిలిచిపోయినవి. అవి మరల నడచునప్పటికి పెక్కు పాసెంజరు బండ్లలో ఎక్స్‌ప్రెసు ఛార్జీయే వసూలు చేసిరి. 10 రూపాయలుగా నుండిన కనీసపు టిక్కెట్టు 30 రూపాయలాయెను. 2024 ఫిబ్రవరిలో గాని పూర్వపు వెల తిరిగి రాలేదు. పోను రాను 20 రూపాయలు కావలసినచోట 60 అయినచో, ఆ 40 రూపాయలు ఎచ్చటి నుండి రావలెను? కొత్తిమీర కట్టల నుండియే గదా! పది రూపాయల కట్టలు నాలుగు అమ్మిన సొమ్ము ప్రతిదినము టిక్కెట్టునకే సరి. అంత సొమ్ము మిగిలినచో పిల్లవానికి పలకయో, ముసలమ్మకు మందుబిళ్లలో వచ్చియుండును.

బండి యెంత వేగముగ బోవునో చెప్పుకొని మనము సంతోషింతుము. అది యెచ్చట నాగునో, యెవరి నెక్కించుకొనునో కూడ విచారింపవలయును. చిన్న స్టేషనులో బండి నిలుపుడు, వాన తగులని నీడ, స్త్రీలకు మరుగుదొడ్డి, త్రాగునీరు, ఇవి విలాసములు కావు. వీనికై యూరివారు అర్జీ వ్రాయునపుడు అక్షరము వచ్చిన స్త్రీలు ముందుగా సంతకము చేయవలెను. పట్టణమున నున్న మనము, వాకిట గంప దింపిన యామెతో రెండు రూపాయలకై బేరమాడుటకు ముందు, ఆమె యే బండికి వచ్చినదో యొక్కసారి యడుగుదము.