బీవర్ తోళ్ల లెక్కలో ఆవర్జా

19వ శతాబ్దంలో నేటి కెనడా అడవుల్లోని హడ్సన్స్ బే కంపెనీ కొట్లలో నగదు అరుదు. వేటగాళ్ల ఖాతాలు బీవర్ అనే నీటి జంతువు తోళ్ల లెక్కలోనే రాసేవారు. మేలురకం పెద్ద తోలు ఒకటి కొలమానం. తుపాకీ మందు, కంబళి, ఇతర తోళ్లు అన్నింటికీ ఆ లెక్కనే రేటు.

శరదృతువులో సరుకు అరువిచ్చి వేటగాడి పేర ఖర్చు రాసేవారు. వసంతంలో తోళ్లు తెస్తే జమ కట్టేవారు. వేట దొరక్కపోయినా, తోళ్లు పోటీ వర్తకుడికి చేరినా అది మొండిబాకీయే. ఎవరికి ఎంతవరకు అరువివ్వవచ్చో పాత ఖాతా చూసి తేల్చడమే గుమాస్తాకు అసలు పని.

1830ల తర్వాత పట్టు టోపీల వాడకం పెరిగి లండన్‌లో బీవర్ ధర పడిపోయింది. కొట్టు ఆవర్జాలో మాత్రం తోలు తోలే. వంద తోళ్ల అరువుకు వంద తోళ్లు వసూలైతే ఖాతా సరిపోయినట్లే. పౌండ్లలో రాసే లండన్ పుస్తకాల్లో గాని నష్టం తేలేది కాదు.